విశ్వవిద్యాలయ వేధశాలలో వీక్షణ రాత్రి: ఎప్పుడు వెళ్లాలి, ఎలా చూడాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. విశ్వవిద్యాలయ వేధశాల ప్రజల కోసం ఏర్పాటు చేసిన ఆకాశ వీక్షణకు కుటుంబంతో వెళ్లారు. గంటకు పైగా వరుసలో నిలబడ్డారు. తీరా ఐపీస్ (టెలిస్కోపులో మనం కన్ను పెట్టి చూసే చిన్న కటకం) దగ్గర కన్ను పెడితే ఓరియన్ నీహారిక, అంటే అంతరిక్షంలోని ఆ పెద్ద వాయు ధూళి మేఘం, రంగూ రూపూ లేని మసకలా కనిపించింది, పిల్లలు "ఇంతేనా" అన్నారు. ఇక మళ్లీ వెళ్లడంలో అర్థముందా, దానికన్నా ఇంటికే ఒక టెలిస్కోప్ కొనుక్కోవడం మేలా అని అడిగారు.

తప్పకుండా మళ్లీ వెళ్లండి. అయితే ఈసారి తేదీని చంద్రుణ్ణి బట్టి, గ్రహాలను బట్టి మీరే ఎంచుకుని వెళ్లండి. ఐపీస్ దగ్గర ఏం చూడాలో, ఎలా చూడాలో ముందే తెలుసుకుని వెళ్లండి. ఇలాంటి రాత్రుల్లో టెలిస్కోప్ పక్కన నిలబడి సందర్శకులకు చూపించే పని ఎన్నో ఏళ్లుగా చేస్తున్నాను. ఒకే రాత్రి, ఒకే పరికరంలో, ఒకే వస్తువును చూసి ఒకరు నిట్టూరుస్తూ దిగిపోవడం, వారి వెనకే వచ్చిన మరొకరు ఆనందంతో మాట రాక నిలబడిపోవడం తరచుగా చూస్తుంటాను. ఆ తేడాలో ఎక్కువ భాగం చూసేవారి సన్నద్ధత వల్ల వచ్చేదే. సన్నద్ధత ఎవరికైనా సాధ్యమే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు ఆ మసక సంగతి. మీకు కనిపించినది పరికరం లోపం కాదు, మీ కంటి లోపం అంతకన్నా కాదు. కెమెరా నిమిషాల తరబడి, ఒక్కోసారి గంటల తరబడి వచ్చే కాంతినంతా ఒకే చిత్రంలో పోగు చేస్తుంది. మన కన్ను మాత్రం సెకనులో పదో వంతు, మహా అయితే ఇంకొంచెం సేపు వచ్చిన కాంతితోనే బొమ్మ కట్టి, మరుక్షణం మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. పైగా రంగును గుర్తించే శంకు కణాలు అంత తక్కువ వెలుగులో పనిచేయవు. అక్కడ పనిచేసే దండ కణాలకు వెలుగు తెలుస్తుంది గాని రంగు తెలియదు. అందుకే ఫొటోలో ఎర్రగా, ఊదాగా మెరిసే నీహారిక కంటికి బూడిద రంగులో, పెద్ద టెలిస్కోపులో కొందరికి లేత ఆకుపచ్చ ఛాయతో కనిపిస్తుంది.

దీనికి తోడు చాలామందికి తెలియని ఇంకో విషయం ఉంది. 25 సెంటీమీటర్ల వ్యాసం గల అద్దం, చీకటిలో పూర్తిగా విచ్చుకున్న కంటిపాప కన్నా వెయ్యి రెట్లకు పైగా కాంతిని సేకరిస్తుంది. కానీ నీహారిక వంటి విశాలమైన వస్తువు విషయంలో ఆ కాంతి అంతా పెద్దదైన బొమ్మ మీద పరచుకుంటుంది. అందువల్ల నీహారిక పెద్దదిగా కనిపిస్తుంది గాని, దాని ఉపరితల ప్రకాశం, అంటే బొమ్మలోని ఒక్కో భాగపు వెలుగు, మాత్రం కంటికి నేరుగా అందే దానికన్నా పెరగదు. ఎంత పెద్ద టెలిస్కోప్ తెచ్చినా ఈ నియమం మారదు. నక్షత్రాలు చుక్కలే కాబట్టి వాటికి ఇది వర్తించదు. టెలిస్కోప్ పెద్దదయ్యే కొద్దీ అవి నిజంగానే ప్రకాశవంతమవుతాయి. నగరపు వెలుగుల మధ్య ఉన్న వేధశాలలో నీహారికలు, గెలాక్సీలు నిరాశపరచడానికి, నక్షత్రాలు నిరాశపరచకపోవడానికి కారణం ఇదే.

చూడడం కూడా నేర్చుకోవలసిన కళేనని ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ తన కాలంలోనే చెప్పారు. దీనికి శని గ్రహ చరిత్రే పెద్ద నిదర్శనం. 1610లో గెలీలియో శనిని చూసినప్పుడు ఆ వలయాల కాంతి ఆయన కంట్లో పడింది, కానీ గ్రహానికి అటూ ఇటూ రెండు గోళాలు అంటుకుని ఉన్నాయనుకున్నారు. 1612లో అవి మాయమయ్యేసరికి ఆశ్చర్యపోయారు. అది గ్రహాన్ని తాకకుండా చుట్టి ఉన్న పలుచని వలయమని డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ 1659లో ప్రకటించేదాకా ఎవరికీ స్పష్టం కాలేదు. హైగెన్స్ టెలిస్కోప్ మెరుగైనదే, అయినా అసలు మేలు చేసింది ఏం చూస్తున్నామో తెలిసిన ఊహ. ఈనాడు ఐపీస్ దగ్గరకు వచ్చే పిల్లలకు ఆ ఊహ ముందే ఉంది కాబట్టే వారు గెలీలియో చూడలేనిదాన్ని ఒక్క క్షణంలో చూడగలుగుతున్నారు.

ప్రజలకు టెలిస్కోప్ చూపించే సంప్రదాయం విశ్వవిద్యాలయాలలో చాలా పాతది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన లిక్ వేధశాల 1888లో పని మొదలుపెట్టిన తొలినాళ్లలోనే, అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్దదైన 91 సెంటీమీటర్ల కటకం ఉన్న తన టెలిస్కోపును శనివారం రాత్రుల్లో సందర్శకుల కోసం తెరిచి ఉంచేది. అదే టెలిస్కోపులో 1892 సెప్టెంబరు 9న ఖగోళ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బార్నార్డ్ గురుగ్రహపు ఐదవ ఉపగ్రహాన్ని, దాని పక్కనే వెలిగిపోతున్న గ్రహపు మిరుమిట్ల మధ్య, కేవలం కంటితో పట్టుకున్నారు. ఫొటో సాయం లేకుండా నేరుగా కంటితో చూసి కనిపెట్టిన చివరి గ్రహ ఉపగ్రహం అదే. కటకం అందరికీ ఒక్కటే, కన్ను మాత్రం ఏళ్ల తరబడి సాధన చేసినది.

ఇక తేదీ విషయానికి వస్తాను, ఎందుకంటే సందర్శకుల చేతిలో ఉన్న అన్నిటికన్నా బలమైన నిర్ణయం ఇదే. మొదటిసారి వచ్చేవారికి, ముఖ్యంగా పిల్లలతో వచ్చేవారికి, శుక్ల పంచమి నుంచి దశమి దాకా ఉన్న సాయంత్రాలను మించినవి లేవు. ఆ రోజుల్లో చంద్రుడు పొద్దు కుంకేసరికే ఆకాశంలో ఎత్తుగా ఉంటాడు. వెలుగు నీడల సరిహద్దు రేఖ వెంబడి సూర్యకాంతి ఏటవాలుగా పడటంతో బిలాల (గుండ్రని పెద్ద గుంతల) గోడలు, కొండల శిఖరాలు పొడవైన నీడలు పరచి, లోతూ ఎత్తూ తెలిసేలా నిలబడతాయి. అష్టమి నాటికి టాలెమేయస్, అల్ఫాన్సస్, అర్జాకెల్ అనే మూడు పెద్ద బిలాలు వరుసగా సరిహద్దు దగ్గర కనిపిస్తాయి. మర్నాడు గాని ఆ మర్నాడు గాని 93 కిలోమీటర్ల వెడల్పున్న కోపర్నికస్ బిలం, మెట్లు మెట్లుగా జారిన దాని లోపలి గోడలతో సహా బయటపడుతుంది. దాదాపు అదే సమయంలో, 110 కిలోమీటర్ల పొడవున కత్తితో గీసినట్టుండే 'సరళ కుడ్యం' అనే చంద్రతలపు విరుపు కూడా కనిపిస్తుంది. ఆ సరిహద్దు రేఖ చంద్రుడి మధ్యరేఖ దగ్గర గంటకు సుమారు 15 కిలోమీటర్ల వేగంతో జరుగుతూ ఉంటుంది. అందువల్ల రాత్రి మొదట్లో ఒకసారి, రెండు గంటల తర్వాత మరోసారి చూస్తే, ఇందాక చీకట్లో ఉన్న శిఖరం ఒకటి ఇప్పుడు చుక్కలా వెలిగి ఉండటం గమనించవచ్చు. చంద్రుడి మీద తెల్లవారడాన్ని కళ్లారా చూడగలమని చాలామందికి తెలియదు.

పౌర్ణమి నాడు మాత్రం వెళ్లకండి. నిండు చంద్రుణ్ణి చూడాలని ఉత్సాహపడి వచ్చేవారే ఎక్కువ, కానీ ఆ రోజు సూర్యకాంతి మన వెనకవైపు నుంచి సూటిగా పడుతుంది కనుక నీడలే ఉండవు. బిలాలన్నీ చదునైన తెల్లని మచ్చలవుతాయి. పైగా పౌర్ణమి చంద్రుడు అర్ధచంద్రుడి కన్నా రెట్టింపు కాదు, దాదాపు పది రెట్లు ప్రకాశవంతుడు. ఆ వెలుగు ఆకాశంలోని మిగతా వాటినన్నిటినీ మింగేస్తుంది. నీహారికలు, తారాగుచ్ఛాలు, గెలాక్సీలే చూడాలనుకుంటే బహుళ పక్షం ద్వితీయార్ధం నుంచి శుక్ల తదియ దాకా సాయంత్రాలు ఎంచుకోండి. అది కూడా వేధశాల నగరపు వెలుగులకు దూరంగా ఉంటేనే. నగరం మధ్యలో ఉంటే వాటి కోసమే ప్రత్యేకంగా వెళ్లవద్దని నిష్కర్షగా చెబుతాను.

గ్రహాలకు నగరపు వెలుగుతో పేచీ లేదు, అవి స్వయంగా అంత ప్రకాశవంతమైనవి. గురుడు సుమారు 13 నెలలకు ఒకసారి, శని ఏడాదీ రెండు వారాలకు ఒకసారి, సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున నిలిచి, సూర్యాస్తమయానికి తూర్పున ఉదయించి రాత్రంతా కనిపిస్తాయి. ఆ తేదీ తర్వాతి రెండు మూడు నెలలే సాయంత్రపు వీక్షణకు అనువైనవి, ఎందుకంటే అప్పుడు గ్రహం చీకటి పడేసరికే ఎత్తుకు చేరి ఉంటుంది. కుజుడి విషయంలో ఈ అవకాశం సుమారు 26 నెలలకు ఒకసారి, అదీ కొన్ని వారాలే. మిగతా కాలంలో అది నారింజ రంగు చిన్న బిందువు. శని వలయాలు 2025 మార్చిలో మనకు అంచు చూపించే స్థితికి వచ్చి దాదాపు కనిపించకుండా పోయాయి. అక్కడి నుంచి ఏటేటా విచ్చుకుంటూ 2032 నాటికి గరిష్ఠమైన వాలుకు, అంటే దాదాపు 27 డిగ్రీలకు చేరుతాయి. ఆ వాలు పెరిగే కొద్దీ వలయాల మధ్యనున్న కాసిని విభాగమనే నల్లని సన్నని ఖాళీ తేలికగా దొరుకుతుంది.

గ్రహాన్ని చూసిన ప్రతివారూ "ఎంత చిన్నగా ఉంది" అంటారు. నిజానికి 45 రెట్ల వర్ధనం ఉంటే చాలు, గురుడు మామూలు కంటికి చంద్రుడు కనిపించేంత పరిమాణంలో కనిపిస్తాడు. వేధశాలలో సాధారణంగా వాడే 150 రెట్ల వద్ద దానికి మూడింతల వెడల్పు ఉంటాడు. పక్కన పోల్చుకోవడానికి చెట్టో మేడో లేక, చుట్టూ నల్లని శూన్యమే ఉండటంతో మనసు దాన్ని చిన్నదిగా లెక్కగడుతుంది. ఈ సంగతి తెలిసి చూస్తే ఆ బింబం మీద రెండు ముదురు పట్టీలు, కాసేపటికి వాటి అంచుల్లో వంకరలు, పక్కన వరుసగా నాలుగు చంద్రులు కనిపించడం మొదలవుతాయి. గురుడు పది గంటలకన్నా తక్కువ సమయంలో తన చుట్టూ తాను తిరుగుతాడు కాబట్టి, పెద్ద ఎర్రమచ్చ మనవైపు ఉండే సమయం ఎప్పుడో ముందే అడిగి తెలుసుకోవచ్చు.

జంట నక్షత్రాలను సందర్శకులు అడగరు, నిర్వాహకులు కూడా చాలాసార్లు చూపించరు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. హంస మండలంలోని ఆల్బిరియోను చూపమని అడగండి: ఒకటి బంగారు ఛాయలో, పక్కది నీలంగా, మసక ఏమాత్రం లేకుండా, ఎంత వెలుగున్న నగరంలోనైనా స్పష్టంగా కనిపిస్తాయి. నక్షత్రాలకు రంగులుంటాయని, ఆ రంగు వాటి ఉష్ణోగ్రతను తెలుపుతుందని పిల్లలకు చెప్పడానికి దీనికి మించిన దృశ్యం లేదు. సప్తర్షి మండలంలోని వశిష్ఠుణ్ణి కూడా చూపమనండి. మామూలు కంటికే పక్కన అరుంధతి కనిపిస్తుంది, టెలిస్కోపులో వశిష్ఠుడే మళ్లీ రెండుగా విడిపోతాడు.

ఇప్పుడు ఐపీస్ దగ్గర. మీ వంతు రాగానే కన్ను పెట్టి, రెండు సెకన్లు చూసి, "కనిపించింది" అని తప్పుకోవద్దు. వెనక వరుస ఉందన్న మొహమాటం చాలామంది అనుభవాన్ని పాడుచేస్తుంది. ఒక నిమిషం తీసుకోవడానికి మీకు పూర్తి హక్కుంది. గొట్టాన్ని గాని ఐపీస్‌ను గాని పట్టుకోకుండా, చేతులు వెనక్కి కట్టుకుని, కంటిని కటకానికి అంటించకుండా కొద్ది దూరంలో ఉంచి, వెలుగు వృత్తం పూర్తిగా కనిపించేదాకా తలను మెల్లగా సర్దుకోండి. దూరపు చూపు, దగ్గరి చూపు లోపాలకు వాడే కళ్లజోడు తీసేయవచ్చు, ఫోకస్ సవరిస్తే సరిపోతుంది. అస్టిగ్మాటిజం (కంటి వంపు అన్ని వైపులా సమానంగా లేని లోపం) ఎక్కువగా ఉన్నవారు మాత్రం ఉంచుకోవడమే మంచిది. ముందు చూసినవారి కంటికి కుదిరిన ఫోకస్ మీకు కుదరకపోవచ్చు కాబట్టి, అంచులు మసకగా ఉంటే సవరించమని అడగడానికి సంకోచించకండి. ఆ తర్వాత ఓపిక పట్టండి. మన వాయుమండలం ఎప్పుడూ కదులుతూ బొమ్మను వణికిస్తుంటుంది, మధ్యలో ఒక్కోసారి అర సెకనో సెకనో అది నిలుస్తుంది. సూక్ష్మమైన వివరాలన్నీ ఆ క్షణాల్లోనే దొరుకుతాయి. అందుకే రెండు సెకన్లు చూసినవారికి గురుడు ఒక మెరిసే బిళ్ల, నిమిషం చూసినవారికి ఒక ప్రపంచం.

మసకగా ఉండే వస్తువైతే సూటిగా చూడకూడదు. కంటి లోపలి తెర అయిన రెటీనా నడిబొడ్డున దండ కణాలు లేవు. కేంద్రం నుంచి 15, 20 డిగ్రీల దూరంలో అవి అత్యంత దట్టంగా ఉంటాయి. కాబట్టి చూపును కొంచెం పక్కకు నిలిపి, ధ్యాసను మాత్రం నీహారిక మీదే ఉంచితే, అంతసేపూ కనిపించని రెక్కలు, మడతలు పైకి తేలతాయి. దీనికి ముందు 20 నుంచి 30 నిమిషాలు కళ్లను చీకటికి అలవాటు చేయాలి, ఆ సేపు ఫోను తెర చూడకూడదు. వరుసలో ఫోను చూసుకుంటూ నిలబడిన గంట, మీ కంటికి జరగవలసిన సన్నాహాన్ని పూర్తిగా రద్దు చేసి ఉండవచ్చు. చంద్రుడికి, గ్రహాలకు మాత్రం ఈ నియమం అక్కరలేదు. ఒకే రాత్రి రెండూ చూడవలసి వస్తే మసక వస్తువులను ముందు చూడండి, లేదా చంద్రుణ్ణి ఒక కంటితో, నీహారికను మరో కంటితో చూడండి.

వీలైతే చివరిదాకా ఉండండి. మొదటి గంటలో గుంపు ఉంటుంది, పగటి వేడి పట్టిన గుమ్మటం లోపలి నుంచి వెచ్చని గాలి పైకి లేస్తూ బొమ్మను కదిలిస్తుంటుంది. చివరి అరగంటకు జనం తగ్గుతారు, పరికరం చల్లబడుతుంది, తూర్పు వస్తువులు ఎత్తుకు చేరుతాయి, చూపించేవారికి కూడా మాట్లాడే తీరిక దొరుకుతుంది. అప్పుడు ఒక కోరిక కోరండి: టెలిస్కోపును నక్షత్రాల వెంట నడిపించే మోటారును ఒక నిమిషం ఆపమనండి. దృశ్యం మధ్యలో ఉన్న గ్రహం వెంటనే ఒక పక్కకు జారడం మొదలుపెట్టి, నిమిషం లోపే అంచు దాటి వెళ్లిపోతుంది. అది గ్రహం కదలిక కాదు, మన కాళ్ల కింది భూమి తిరుగుడు. పాఠంలో చదివిన భ్రమణాన్ని ఇంత ప్రత్యక్షంగా చూపే మార్గం నాకు మరొకటి తెలియదు.

పిల్లల విషయంలో ఒక్కటే జాగ్రత్త. "కనిపించిందా" అని అడిగితే కనిపించకపోయినా అవునంటారు. "పక్కన చుక్కలు ఎన్ని ఉన్నాయి, ఎటువైపు ఎక్కువ ఉన్నాయి" అని అడగండి, నిజంగా చూస్తున్నారో లేదో తెలుస్తుంది, చూపు కూడా పదునెక్కుతుంది. ఎత్తు అందకపోతే స్టూలు అడిగి తీసుకోండి. చూసినది వెంటనే చిన్న కాగితం మీద వృత్తం గీసి అందులో వేయమనండి. ఫోనుతో ఐపీస్‌లోంచి ఫొటో తీయడం చంద్రుడికి బాగానే కుదురుతుంది గాని, బొమ్మ వేసేటప్పుడు చూసినంత శ్రద్ధగా ఫొటో తీసేటప్పుడు ఎవరూ చూడరు.

బయలుదేరే ముందు వేధశాల ప్రకటన చూసుకోండి. ఆకాశం నిర్మలంగా ఉన్నా గాలిలో తేమ ఎక్కువైతే, గాలి వేగం పెరిగితే, కటకాలు, అద్దాలు, లోపలి యంత్రాలు పాడవకుండా గుమ్మటం మూసేస్తారు. అది నిర్వాహకుల నిర్లక్ష్యం కాదు. మబ్బు రాత్రుల్లో కూడా చాలాచోట్ల ప్రసంగం, పరికరాల ప్రదర్శన ఉంటాయి, కానీ పిల్లలకు అవి చాలవు కాబట్టి మరో తేదీ ముందే అనుకుని ఉంచుకోండి.

టెలిస్కోప్ కొనడం గురించి: ఇప్పుడే వద్దు. చంద్రుడున్న రాత్రి ఒకసారి, గ్రహాలున్న రాత్రి ఒకసారి, వీలైతే చీకటి ఆకాశం కింద ఒకసారి చూశాక, మీ ఇంట్లోవారికి దేని మీద ఆసక్తి నిలిచిందో తెలుస్తుంది. ఆవరణలో ఔత్సాహికులు పెట్టే చిన్న టెలిస్కోపుల్లో కూడా చూడండి, ఎందుకంటే మీరు కొనగలిగేది గుమ్మటంలోని దానిలాంటిది కాదు, వాటిలాంటిదే. ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందని అడగకండి, అద్దం లేదా కటకం వ్యాసం ఎంతో అడగండి. మిల్లీమీటరు వ్యాసానికి సుమారు రెండు రెట్లకు మించిన వర్ధనం ఎవరు ప్రకటించినా అది పనికిరాని అంకె. ఈలోగా 7×50 లేదా 10×50 (మొదటి అంకె వర్ధనం, రెండోది మిల్లీమీటర్లలో కటకం వ్యాసం) బైనాక్యులర్ ఒకటి ఇంట్లో ఉంటే కృత్తికలు, చంద్రుడి మీది పెద్ద బిలాలు, గురుడి చంద్రులు పిల్లలకు అలవాటవుతాయి. వేధశాలకు మళ్లీ వెళ్లేసరికి ఏం చూపమని అడగాలో వారికే తెలిసి ఉంటుంది.